నోరు పదే పదే పూస్తుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నోటిపూత గురించి రాసిన వాళ్లలో దాదాపు అందరూ అడిగింది ‘ఏ మందు రాసుకోవాలి’ అనే. మందు కంటే ముందు మాకు కావాల్సినవి వేరే ఉన్నాయి. పుండ్లు ఎన్ని వస్తున్నాయి, నోట్లో ఎక్కడ వస్తున్నాయి, ఎన్నాళ్లకు మానుతున్నాయి, ఒంట్లో ఇంకెక్కడైనా ఇబ్బంది ఉందా? ఈ వివరాలు రాసిన ఉత్తరాలనే ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. టీచర్‌ని. కాలేజీ రోజుల నుంచీ అప్పుడప్పుడూ పెదవి లోపల, నాలుక కింద రెండు మూడు పుండ్లు వచ్చి పది రోజుల్లో మానిపోయేవి. ఈ ఏడాదిగా ఒకటి మానేలోపే ఇంకోటి వస్తోంది. వేడి చేసిందని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతున్నాను. బీకాంప్లెక్స్ వేసుకుంటే ఓ వారం నయంగా ఉంటుంది. నెలసరిలో రక్తం ఎక్కువే పోతుంది. హిమోగ్లోబిన్ 11.8 ఉంది, ఫర్వాలేదన్నారు. ఏ పరీక్షలు చేయించుకోవాలి?
— ఒక సోదరి, ఏలూరు

జవాబు: మీకు కాలేజీ రోజుల్లో వచ్చినవి మామూలు నోటిపూత పుండ్లే. అడుగున పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు, సెంటీమీటరు లోపు వెడల్పు ఉంటాయి. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద, అంటే మెత్తగా కదిలే పొర మీదే వస్తాయి. వారం నుంచి రెండు వారాల్లో మచ్చ లేకుండా మానిపోతాయి. ఇవి చిన్నతనంలోనో టీనేజీలోనో మొదలై, వయసు పెరిగే కొద్దీ తగ్గడం రివాజు. మీ విషయంలో తగ్గాల్సిన వయసులో ఎక్కువయ్యాయి. మమ్మల్ని ఆలోచింపజేసింది అదే. దానికి తోడు నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందన్నారు.

గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనత కిందే లెక్క. కాబట్టి 11.8 ‘ఫర్వాలేదు’ కాదు. పైగా ఒంట్లో ఐరన్ నిల్వలు ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. నోటి లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్త కణాలతో మారిపోతుంటుంది. ఆ పనికి ఐరన్, బి12, ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే) మూడూ కావాలి. వీటిలో ఏది తగ్గినా పొర పలచబడుతుంది. పన్ను తగిలినా, మురుకు ముక్క గీరుకున్నా పుండవుతుంది.

సీబీపీ (రక్తకణాల లెక్క)తో పాటు రక్తం స్మియర్ (కణాలను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష), సీరమ్ ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష), బి12, ఫోలేట్ చేయించుకోండి. రక్తం ఇచ్చాకే మాత్రలు మొదలుపెట్టండి. ముందే మింగితే బి12 బాగానే ఉన్నట్టు కనిపించి అసలు లోపం దాగిపోతుంది. జ్వరం, జలుబు ఉన్న వారంలో ఫెరిటిన్ చేయించవద్దు. ఇన్ఫెక్షన్ ఉంటే అది పెరిగి, నిల్వలున్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఫెరిటిన్ 15 లోపు ఉంటే నిల్వలు లేనట్టే. 15 నుంచి 30 మధ్య ఉన్నా, మీలా రక్తం పోయేవారికి ఐరన్ ఇవ్వడమే మంచిదని మా అభిప్రాయం. బి12 సాధారణంగా 200 లోపు అయితే లోపం, 200 నుంచి 300 అయితే అనుమానం. ఇక సీబీపీలో ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సగటు సైజు, ఒక్కటే చూసి నిర్ధారణకు రాకూడదు. ఐరన్ తగ్గితే ఎర్ర కణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ తగ్గితే సగటు మామూలుగా కనిపిస్తుంది. అప్పుడు కణాల సైజుల్లో తేడాను చెప్పే ఆర్‌డీడబ్ల్యూ పెరిగి ఉంటుంది, స్మియర్‌లో రెండు రకాల కణాలూ దొరుకుతాయి.

ఐరన్ తక్కువని తేలితే 60 నుంచి 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మాత్ర రోజుకొకటి చాలు. పడకపోతే రోజు విడిచి రోజు వేసుకున్నా పని చేస్తుంది. ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నిమ్మరసంతో వేసుకోండి. కాఫీ, టీలకు ముందూ వెనుకా కనీసం గంట ఎడం ఇవ్వండి, కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. హిమోగ్లోబిన్ మామూలయ్యాక కూడా మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వలు నిండుతాయి. చాలామంది నెల రోజులకే ఆపేస్తారు, మళ్లీ మొదటికే వస్తుంది. నెలసరి ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టు దగ్గర తేల్చుకోండి. గర్భసంచిలో గడ్డలో, థైరాయిడ్ సమస్యో ఉంటే ఎన్ని మాత్రలు మింగినా కారిపోతూనే ఉంటుంది.

బి12 లోపం శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహులకు, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవారికి ఎక్కువ. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే మాత్రం ఇంజెక్షన్లతో మొదలుపెట్టాలి. బి12 తక్కువగా ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడకండి. రక్తం మెరుగుపడుతుంది కానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

బీకాంప్లెక్స్‌తో వారం నయంగా ఉంటుందంటున్నారు. ఆ పుండు ఎలాగూ వారంలో మానేదే! మామూలు బీకాంప్లెక్స్ గొట్టంలో ఐరన్ ఉండదు, కాబట్టి ఐరన్ లోపానికి అది పనికిరాదు. మజ్జిగ మంచిదే, మానక్కర్లేదు. అలాగే టూత్‌పేస్టు డబ్బా మీద ‘సోడియం లారిల్ సల్ఫేట్’ ఉందేమో చూడండి. బాగా నురగ రావడానికి కలిపేది అదే. అది లేని పేస్టుకు మారితే కొందరికి పుండ్లు తగ్గుతాయి. రెండు నెలలు వాడి చూడటంలో నష్టం లేదు.

ప్రశ్న: నోటిపూతకు డాక్టరు రాసిన ట్రయామ్సినలోన్ పేస్టు రాసుకున్న నిమిషానికే ఊడి వచ్చేస్తోంది. వేరే మందు ఉందా?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మందు మార్చే ముందు రాసే తీరు మార్చి చూడండి. తడి మీద అది అతుక్కోదు. భోజనం అయ్యాక నోరు కడుక్కుని, శుభ్రమైన దూదితో పుండును మెల్లగా అద్ది ఆరబెట్టండి. చిన్న చుక్క మాత్రమే వేలి కొసన తీసుకుని పుండు మీద అద్దండి. రుద్దితే రవ్వలా విడిపోయి ఊడిపోతుంది. అరగంట ఏమీ తినకండి, తాగకండి. పగలు రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు ఒకసారి రాయండి. రాత్రి లాలాజలం తక్కువ కాబట్టి అప్పుడు రాసిందే ఎక్కువసేపు నిలుస్తుంది. మంట మొదలైన రోజే రాస్తే ఫలితం బాగుంటుంది. ఐదో రోజున రాస్తే పుండు తన దారిన తానే మానుతుంటుంది.

వేలికి అందని చోట, లేదా ఒకేసారి చాలా పుండ్లు ఉన్నప్పుడు పేస్టు కంటే పుక్కిలింత నయం. 0.5 మిల్లీగ్రాముల బీటామెథసోన్ కరిగే మాత్రను 20 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, రెండు మూడు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు. పుండ్లున్నన్ని రోజులే, డాక్టరు చెప్పిన లెక్కకే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే నోట్లో తెల్లటి ఫంగస్ పడుతుంది. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ వాడేటట్లయితే పళ్లు తోముకున్న అరగంట తర్వాత 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం. టూత్‌పేస్టు వెంటనే దాన్ని పని చేయనివ్వదు. ఆ పైన టీ, కాఫీ తాగితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. పుండు మీద పటిక ముక్క, ఆస్పిరిన్ మాత్ర పెట్టడం మానుకోండి. పొర కాలి పుండు ఇంకా పెద్దదవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. నెల క్రితం మందుల షాపులో కొత్త అట్ట తెచ్చాం. ఐదు రోజులుగా నోరంతా పూసి అన్నం తినలేకపోతున్నారు, కాస్త జ్వరం కూడా ఉంది. నోటికి ఏం రాయాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నోటికి రాసే మందు గురించి ఆలోచించకండి. మెథోట్రెక్సేట్ ఆపి, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకు ఉత్తరం ద్వారానూ ఇదే తెలియజేశాం.

కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒక్క రోజే వాడాలి. పొరపాటున రోజూ వేసుకోవడం, 2.5 మిల్లీగ్రాముల మాత్ర బదులు 7.5 లేదా 10 మాత్ర రావడం ఎప్పుడూ జరిగే ప్రమాదాలే. మోతాదు సరిగ్గానే ఉన్నా కిడ్నీలు బలహీనపడితేనో, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితేనో, కోట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ తోడైతేనో మందు ఒంట్లో పేరుకుపోతుంది. అది ఫోలేట్‌ను అడ్డుకుంటుంది కాబట్టి వేగంగా పుట్టే కణాలే ముందు దెబ్బతింటాయి. నోటి పొర పైకి కనిపిస్తుంది. అదే సమయంలో ఎముక మజ్జలోనూ అదే జరుగుతుండవచ్చు, అది కంటికి కనిపించదు. సీబీపీ, క్రియాటినిన్, లివర్ పరీక్షలు వెంటనే కావాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర దానికి బదులు కాదు. మిగిలిన మాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి. ఎన్ని వేసుకున్నారో డాక్టరు లెక్క కట్టగలుగుతారు.

తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ‘వారానికి ఒకసారి’ అని కాక ‘ఆదివారం మాత్రమే’ అని చీటీలో రాయించుకోండి.

ఇలాంటి మందులు ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైనవారు వాడే కార్బిమజోల్‌తో గొంతు నొప్పి, జ్వరం, నోటి పుండ్లు వస్తే మందు ఆపి అదే రోజు తెల్లకణాలు లెక్కించాలి. గుండెనొప్పికి వాడే నికోరాండిల్ వల్ల లోతైన పెద్ద పుండు వచ్చి, ఆ మందు మార్చేదాకా మానదు. దాన్ని మాత్రం సొంతంగా ఆపకండి, గుండె డాక్టరే మార్చాలి.

ప్రశ్న: మా అమ్మకు 60 దాటాయి. చిన్నప్పటి నుంచీ అడ్డచుట్ట తాగుతుంది. అంగిలి తెల్లగా మారి, మధ్యలో ఒక పుండు నెల రోజులుగా ఉంది. నొప్పి లేదంటుంది. నోటిపూతేనా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాదనే అనుకుని నడుచుకోండి. మామూలు నోటిపూత గట్టి అంగిలి మీద రాదు, నెల రోజులుండదు, నొప్పి లేకుండా అసలే ఉండదు.

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. ముందు అంగిలి బూడిద కలిసిన తెలుపుగా మందమవుతుంది. దాని మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. అవి చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. ఈ దశలో చుట్ట మానేస్తే చాలామందిలో మార్పులు వెనక్కి తగ్గుతాయి. ఎర్రటి మచ్చ, పుండు, గడ్డ కనిపించాయంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే. ప్రభుత్వ దంత కళాశాలకో, క్యాన్సర్ ఆసుపత్రికో ఈ వారమే తీసుకెళ్లండి.

బయాప్సీ అంటే మత్తు సూది వేసి మినపగుండంత ముక్క తీయడం. కొద్ది నిమిషాల పని. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అనే భయంతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అది నిజం కాదు. పాకేది ఆలస్యం చేసినందుకు.

గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటున్నవారికీ ఇదే వర్తిస్తుంది. ఒకే పుండు, ఒకే చోట, రెండు వారాలు దాటినా మానకపోతే, అంచు గట్టిగా తగులుతుంటే, మెడలో బిళ్ల కట్టి ఉంటే నోటిపూత పేస్టులతో కాలం గడపవద్దు. కారం తగలనివ్వక నోరు మండుతూ, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు తెరుచుకోకపోతే అది వక్క వల్ల వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది కూడా క్యాన్సర్‌కు ముందు దశే. మొనదేలిన పన్నో, కట్టుడు పళ్ల అంచో గీసుకుని పుండైతే పన్ను అరగదీయించి, సెట్టు తీసి ఉంచండి. రెండు వారాల్లో మానకపోతే అదీ బయాప్సీకే.

ప్రశ్న: వయసు 29. రెండేళ్లుగా నోటి పుండ్లు. ఈమధ్య వృషణాల సంచి మీద కూడా పుండు వచ్చి మచ్చ పడింది. సుఖవ్యాధి అన్నారు గానీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షల్లో ఏమీ లేదు. పది రోజులుగా ఒక కన్ను ఎర్రబడి మసకగా ఉంది. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాను.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు కన్ను సంగతి. రేపటికి వాయిదా వేయకుండా కంటి డాక్టరును కలిసి, నోటి పుండ్ల గురించీ చెప్పి, కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి లోపల చూడమనండి. కండ్లకలక అనుకుని షాపులో చుక్కలు కొనకండి. లోపలి వాపు అయితే చూపు పోయే ప్రమాదం ఉంది.

మీరు రాసినవన్నీ కలిపి చూస్తే బెహ్‌చెట్ వ్యాధి అనుమానించాలి. 1937లో హులుసి బెహ్‌చెట్ అనే టర్కీ చర్మవైద్యుడు దీన్ని వివరించారు. టర్కీ నుంచి జపాన్ దాకా పాత పట్టుదారి వెంబడి ఎక్కువ, మన దగ్గర అరుదు. రక్తనాళాల వాపు దీని మూలం, అంటువ్యాధి కాదు. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. హెచ్‌ఎల్ఏ-బి51 అనే జన్యువు ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. 1990 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఏడాదిలో కనీసం మూడుసార్లు నోటి పుండ్లు వచ్చి ఉండాలి. వాటికి తోడు జననాంగాల మీద పుండ్లు, కంటి వాపు, చర్మం మీద మొటిమల్లాంటి పొక్కులు లేదా కాళ్ల మీద నొప్పి గడ్డలు, పాథర్జీ పరీక్ష పాజిటివ్, ఈ నాలుగింటిలో రెండు ఉండాలి. పాథర్జీ అంటే ముంజేతిలో సూది గుచ్చి, ఒకటి రెండు రోజుల తర్వాత అక్కడ పొక్కు లేచిందా అని చూడటం.

వెళ్లాల్సింది రుమటాలజిస్టు దగ్గరకు. పుండ్లకు సాధారణంగా కోల్చిసిన్‌తో మొదలుపెడతారు. ఈ వ్యాధి నోటి పుండ్లకు అప్రెమిలాస్ట్‌ను అమెరికా ఔషధ సంస్థ 2019లో అనుమతించింది. కంటికి ఇంకా గట్టి మందులు కావాలి. ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, ఎప్పుడూ లేని తలనొప్పి వచ్చినా ఆగకండి, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఇంట్లో చెప్పడానికి మొహమాటం వద్దు, ఇది తిరుగుళ్లతో వచ్చే జబ్బు కాదు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. నెలకోసారి 103 జ్వరం, గొంతు నొప్పి, నోటి పుండ్లు, మెడలో బిళ్లలు. ఐదు రోజులకు తగ్గిపోతుంది. ప్రతిసారీ యాంటీబయాటిక్ ఇస్తున్నారు. మా అత్తగారు బోరోగ్లిజరిన్ రాస్తున్నారు.
— ఒక తల్లి, అనంతపురం

జవాబు: బోరోగ్లిజరిన్ ఆపేయండి. అందులోని బోరిక్ యాసిడ్ చిన్నపిల్లల కడుపులోకి పోతే విషం. పెద్దలు రాసుకునే కోలిన్ సాలిసిలేట్ జెల్ కూడా పిల్లలకు వద్దు.

గడియారం పెట్టినట్టు మూడు నుంచి ఆరు వారాలకోసారి ఇలా వచ్చి, మధ్యలో పాప హుషారుగా ఉండి, ఎత్తు బరువు బాగా పెరుగుతుంటే పీఎఫ్ఏపీఏ అనే జ్వరం కావచ్చు. ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్‌తో పని లేదు, జ్వరం ఐదో రోజున తనంతట తానే దిగిపోతుంది. పిల్లల డాక్టరు పర్యవేక్షణలో కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఒక్క మోతాదు ఇస్తే గంటల్లోనే తగ్గుతుంది. అయితే ఆ తర్వాతి జ్వరం ఇంకా త్వరగా రావచ్చు. చాలామంది పిల్లల్లో పదేళ్లు వచ్చేసరికి పోతుంది.

ఆ పేరు పెట్టే ముందు ఒకదాన్ని కొట్టేయాలి. సుమారు 21 రోజులకోసారి తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ పడిపోయే సైక్లిక్ న్యూట్రోపీనియా కూడా ఇలాగే కనిపిస్తుంది, అందులో ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఒక్క సీబీపీతో అది దొరకదు. జ్వరం వచ్చేసరికి కణాలు మళ్లీ పెరిగి ఉంటాయి. వారానికి రెండు మూడుసార్ల చొప్పున ఆరు వారాలు చేయాలి. పాపను సూదులతో బాధపెట్టడమే, కానీ ఇందులో దగ్గరిదారి లేదు. ఈలోగా క్యాలెండర్‌లో జ్వరం మొదలైన తేదీ, తగ్గిన తేదీ, పుండ్లు ఎక్కడున్నదీ రాసి ఉంచండి. నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో ఇవ్వండి. చల్లటి పెరుగన్నం, కొబ్బరినీళ్లు పెట్టండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా గురుగ్రామ్‌లో ఉంటున్నాను, 26 ఏళ్లు. నోటి పుండ్లతో పాటు ఆరు నెలలుగా విరేచనాలు, 7 కిలోల బరువు తగ్గాను. చపాతీ మానేస్తే కాస్త మేలనిపించింది. పరీక్ష అవసరమా?
— ఒక పాఠకుడు

జవాబు: అవసరం. పరీక్షకు ముందు చపాతీ మళ్లీ మొదలుపెట్టడం కూడా అవసరం. గోధుమ పడని సీలియాక్ వ్యాధికి చేసే టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష గోధుమ మానేసిన వారిలో మామూలుగా వచ్చేస్తుంది. రోజూ గోధుమ తింటూ ఆరు వారాల తర్వాత, మొత్తం ఐజీఏతో కలిపి చేయించండి. పాజిటివ్ అయితే ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి నిర్ధారిస్తారు. సీలియాక్ ఉత్తరాదిలోనే ఎక్కువ, అన్నం తినే దక్షిణాదిలో చాలా తక్కువ. కాబట్టి అక్కడితో ఆగకూడదు.

బరువు తగ్గడం చూస్తే పేగులు వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి కూడా మనసులో ఉండాలి. పేగు వాపును పట్టించే కాల్‌ప్రొటెక్టిన్ మలంలో పెరిగితే కొలనోస్కోపీ చేయాలి. మన దేశంలో చిక్కేమిటంటే పేగుల టీబీ అచ్చం క్రోన్స్‌లాగే, చిన్నపేగు చివరనే కనిపిస్తుంది. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతుంది. అందుకే ముక్కను టీబీ పరీక్షలకూ పంపారా అని అడగండి. హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఇందులో భాగమే, తప్పుగా అనుకోకండి.

ప్రశ్న: 45 ఏళ్లు. మూడు నెలలుగా చిగుళ్లు, బుగ్గల లోపల పొర ఊడి పుండ్లు పడుతున్నాయి. ఒక్కటీ పూర్తిగా మానడం లేదు. వారం క్రితం ఛాతీ మీద నీటిబుడగ లేచి పగిలింది.
— ఒక సోదరి, నిజామాబాద్

జవాబు: వచ్చి పోయే పుండ్లు వేరు, మానకుండా పాకే పుండ్లు వేరు. మీవి రెండో రకం. పెంఫిగస్ అనే చర్మవ్యాధి చాలామందిలో నోటితోనే మొదలవుతుంది, చర్మం మీద బుడగలు నెలల తర్వాత లేస్తాయి. చర్మవైద్యుణ్ణి వెంటనే కలవండి. పుండు మధ్యలోంచి ముక్క తీస్తే ఏమీ తేలదు, అక్కడ పై పొరే ఉండదు. పుండు అంచు నుంచి ఒకటి, పక్కనున్న మంచి పొర నుంచి ఇంకొకటి తీయాలి. రెండోది పొరకు అంటుకున్న యాంటీబాడీలను చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు. దాన్ని ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష పాడవుతుంది, మిషెల్స్ మీడియం అనే ద్రావణంలో పంపాలి. ఈ వ్యాధికి ఇప్పుడు మంచి మందులున్నాయి. ఛాతీ దాకా వచ్చింది కనుక ఆగవద్దు.

ప్రశ్న: సిగరెట్ మానేసిన రెండు వారాలకు నోరు పూసింది. ఇరవై ఏళ్లు కాల్చినప్పుడు ఎన్నడూ రాలేదు. మళ్లీ మొదలుపెడితే తగ్గుతుందని స్నేహితులంటున్నారు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మానేసిన కొత్తలో ఇలా రావడం మామూలే. పొగ తగిలి మందమైన పొర మళ్లీ పలచబడుతుంది కనుక పుండ్లు తేలతాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అప్పటిదాకా పైన కరీంనగర్ విద్యార్థికి చెప్పిన పేస్టు వాడండి. ఇరవై ఏళ్లు కాల్చారు కాబట్టి ఒకసారి దంతవైద్యుడితో నోరంతా, ముఖ్యంగా నాలుక పక్కలు, నాలుక కింద చూపించుకోండి. స్నేహితుల మాట వినకండి.